బూట్లకు మంచి పాలిష్ బ్రష్ ఎంచుకోవడం ఎలా?

జూన్‌లో బడులు తెరిచే ముందూ, ఆఫీసులో కొత్తగా చేరేవాళ్ల సీజన్‌లోనూ నన్ను అందరూ అడిగేది ఒకటే. "మంచి కంపెనీ పాలిష్ డబ్బానే కొన్నాం, చేతులు నొప్పి పుట్టేదాకా రుద్దుతున్నాం, అయినా మెరుపు రావడం లేదు. ఇంకా ఖరీదైన పాలిష్ కొనాలా?"

అక్కర్లేదు. ముందు మీ బ్రష్ తిరగేసి చూడండి. పదిమందిలో ఎనిమిదిమంది ఇళ్లలో నేను చూసింది ఒకే దృశ్యం: ఒకే ఒక్క బ్రష్, గట్టి నైలాన్ పోగులు, వాటి చివర్లలో ఎండిపోయి గడ్డకట్టిన నల్ల పాలిష్. ఆ బ్రష్‌తో ఎంత మంచి పాలిష్ రుద్దినా మెరుపు రాదు. స్టేషన్ ముందు డబ్బా పెట్టుకుని కూర్చునే పాలిష్ అతను వాడేది మీ ఇంట్లో ఉన్నలాంటి డబ్బానే. కానీ అతని చేతిలో రెండు బ్రష్‌లు ఉంటాయి. పాలిష్ పూసేది వేరు, మెరుపు తెచ్చేది వేరు. ఆ రెండోదాన్ని అతను పొరపాటున కూడా డబ్బాలో ముంచడు.

పాలిష్ అంటే ముఖ్యంగా మైనం. పూసినప్పుడు అది ఎగుడుదిగుడుగా అతుక్కుంటుంది. మెత్తని వెంట్రుకలు వేగంగా రాసుకున్నప్పుడు పుట్టే కొద్దిపాటి వేడికి ఆ మైనం సమంగా పరుచుకుంటుంది. అప్పుడే వెలుగు తిరిగి కళ్లకు కొడుతుంది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

మొదలుపెట్టే ముందు: మీవి తోలు బూట్లేనా?

బూటు నాలుక అంచు కానీ, లోపల కుట్టు దగ్గర కోసిన అంచు కానీ చూడండి. నూలుపోగుల్లా పీచుపీచుగా కనిపిస్తే తోలు. పైన నున్నటి పొర, కింద గుడ్డ అతికించినట్టు కనిపిస్తే రెక్సిన్. పిల్లల స్కూలు బూట్లలో చాలావరకు రెక్సినే. రెక్సిన్‌లోకి మైనం ఇంకదు. దానికి తడిబట్టతో తుడిచి, పొడిబట్టతో ఒత్తితే చాలు, మంచి బ్రష్ కోసం డబ్బు పెట్టవద్దు. అద్దంలా మెరిసే పేటెంట్ తోలుకు కూడా బ్రష్ వద్దు, మెత్తని బట్టే వాడండి. స్వేడ్‌కు, అంటే పైన మెత్తని నూగు ఉండే తోలుకు, అసలు మైనం పాలిషే తగలకూడదు. దాని బ్రష్ వేరు.

మీవి నున్నటి తోలు బూట్లయితే ఇక ముందుకు వెళ్దాం.

ఏమేం కావాలి

- మెరుపు బ్రష్: గుర్రపు వెంట్రుకలది, పెద్దది. డబ్బంతా దీని మీదే పెట్టండి.
- పూత బ్రష్: చిన్నది, గుండ్రటి తల ఉన్నది. దొరక్కపోతే పాత బనియన్ ముక్క అంతే బాగా పనిచేస్తుంది.
- దుమ్ము బ్రష్: ఏదైనా మెత్తని బ్రష్. కుట్ల సందుల్లోకి ఒక పాత టూత్‌బ్రష్.
- పరీక్షకు: పట్టుకారు, అగ్గిపెట్టె, స్టీలు ప్లేటు, ఒక తెల్ల చేతిరుమాలు.

నల్ల బూట్లూ, బ్రౌన్ బూట్లూ రెండూ ఉంటే పూత బ్రష్‌లు రెండు, మెరుపు బ్రష్‌లు రెండు తప్పవు. ఒకసారి నల్ల పాలిష్ తగిలిన బ్రష్ ఎంత కడిగినా లేత బ్రౌన్ తోలు మీద మసి వదులుతుంది. బడ్జెట్ సరిపోకపోతే నలుపుకు బ్రష్ కొని, బ్రౌన్‌కు బనియన్ బట్టతో గడపండి.

1. ఏ పనికి ఏ వెంట్రుక అన్నది ముందు తేల్చుకోండి

గుర్రపు వెంట్రుక: తోక నుంచో జూలు నుంచో తీస్తారు. తోకది కాస్త గట్టిగా, జూలుది కాస్త మెత్తగా ఉంటుంది. వంగుతుంది, వెంటనే నిలబడుతుంది, తోలును గీకదు. మెరుపు బ్రష్‌కు ఇదే సరైనది.

పంది వెంట్రుక: లావుగా, బిరుసుగా ఉంటుంది. చివర రెండు మూడు పాయలుగా చీలి ఉంటుంది. పాలిష్ పూయడానికి, గట్టిపడ్డ పాత మైనాన్ని కదపడానికి బాగుంటుంది. మెరుపు కోసం కొనవద్దు. మతం కారణంగానో, ఇష్టం లేకనో ఇది ఇంట్లోకి వద్దనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటివాళ్లు కొనేటప్పుడు అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే డబ్బా మీద చాలాసార్లు 'న్యాచురల్ బ్రిసిల్' (సహజమైన వెంట్రుక) అని మాత్రమే రాసి వదిలేస్తారు. పూత పనికి బట్ట ఉండనే ఉంది, కాబట్టి ఇది లేకపోయినా ఏ లోటూ రాదు.

మేక వెంట్రుక: చాలా మెత్తన. అంతా అయ్యాక చివరిసారి నిమిరి, కళ్లకు కనబడీ కనబడని గీతలు పోగొట్టడానికి. ఇది సరదా ఉన్నవాళ్లకు, అవసరం కాదు.

నైలాన్: అడుగు భాగానికి అంటిన బురదకు, అంతే. మెత్తని నైలాన్ బ్రష్‌లు ఇప్పుడు వస్తున్నాయి, జంతువుల వెంట్రుకలు ఏవీ వద్దనుకునేవాళ్లు వాటిలో సన్నటి పోగులది వెతుక్కోవచ్చు. మెరుపు కాస్త తక్కువగా వస్తుందని ముందే తెలుసుకుని కొనండి.

వెంట్రుక రంగు చూసి నాణ్యత అంచనా వేయవద్దు. గుర్రపు వెంట్రుక నలుపు, గోధుమ, తెలుపు రంగుల్లో సహజంగానే ఉంటుంది, నైలాన్‌కూ నల్ల రంగు వేస్తారు. రంగుతో ఒక లాభం మాత్రం ఉంది: నల్ల బూట్లకు నల్ల వెంట్రుకలది, బ్రౌన్‌కు లేత రంగుది తీసుకుంటే హడావిడి పొద్దుల్లో ఒకదానికొకటి మారిపోవు.

2. షాపులో చేత్తో పట్టుకుని చూడండి

ఇక్కడ తొందరపడకండి. ఐదు నిమిషాలు నిలబడి చూస్తే పదేళ్లు వాడే వస్తువు దొరుకుతుంది. చెప్పుల షాపుల్లో ఎక్కువగా నైలాన్‌వే పెడతారు. కంటోన్మెంట్ ప్రాంతాల్లో యూనిఫాం సామాన్లు అమ్మే షాపుల్లో, తోలు సామాను విడిగా అమ్మేచోట అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. "అన్నా, గుర్రపు వెంట్రుకలదేనా? చేత్తో చూస్తాను" అని అడగండి. సరుకు మీద నమ్మకం ఉన్న షాపతను కవరు విప్పి ఇస్తాడు.

మొదట ఒత్తు చూడండి. బ్రష్‌ను వెంట్రుకలు మీ వైపు ఉండేలా పట్టుకుని తిన్నగా పైనుంచి చూస్తే చెక్క కనబడకూడదు. తర్వాత రెండు బొటనవేళ్లతో వెంట్రుకలను పాయ తీయండి. ఇప్పుడు చెక్క, అందులో రంధ్రాలు కనిపిస్తాయి. ఒక్కో రంధ్రంలో ఒక్కో కుచ్చు దిగి ఉంటుంది. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య ఒక అగ్గిపుల్ల మందం ఖాళీ ఉంటే బాగుంది. రెండు పుల్లలు పక్కపక్కన పట్టేంత ఖాళీ ఉంటే పలుచన. నేను పెట్టుకున్న లెక్క ఇది, ఇంతవరకు తప్పలేదు. పలుచన బ్రష్‌లో వెంట్రుకలు ఒకదానికొకటి ఆసరా ఇచ్చుకోవు, ఒత్తిన వైపుకు పడిపోతాయి. ఎంత మంచి గుర్రపు వెంట్రుకైనా పలుచగా నాటితే దండగే. కంపెనీ పేరు, చెక్క నునుపు, డబ్బా అందం అన్నీ దీని తర్వాతే చూడాలి.

తర్వాత పొడవు. వెంట్రుకలు చెక్క నుంచి 2 నుంచి 2.5 సెంటీమీటర్లు బయటికి ఉండాలి. మరీ పొట్టివైతే గుర్రపువైనా గీకుతాయి, చెక్క కూడా తోలుకు తగులుతుంది. మరీ పొడవైతే వాలిపోయి ఒత్తిడి అందదు.

అంచు వరస చూడండి. చుట్టూ ఉన్న కుచ్చులు కొద్దిగా బయటికి విచ్చుకుని ఉండాలి. నిటారుగా ఉంటే వేగంగా రుద్దేటప్పుడు చెక్క అంచు బూటుకు కొట్టుకుని సొట్ట పెడుతుంది. నా మొదటి బ్రౌన్ బూట్ల మడమ దగ్గర అలాంటి గుర్తు ఇంకా ఉంది.

ఇప్పుడు అరచేతికి గట్టిగా ఒత్తి వదలండి. వంగి, తిరిగి నిలబడాలి. సూదుల్లా గుచ్చుకుంటే వద్దు. ముంజేతి లోపలి వైపు, చర్మం పలుచగా ఉండేచోట రెండుసార్లు గీయండి. ఎర్ర గీతలు పడితే అదే గీత రేపు తోలు మీద పడుతుంది.

చివరగా వెంట్రుకల మీద అరచేయి పదిసార్లు లాగండి. రెండు మూడు వెంట్రుకలు రాలితే కంగారు వద్దు, కొత్త బ్రష్‌లన్నీ అంతే. గుప్పెడు రాలినా, ఒక కుచ్చు కదిలినా అక్కడే పెట్టేయండి.

3. సైజు, పట్టు

మెరుపు బ్రష్ చెక్క పెద్దవాళ్లకు 16 నుంచి 20 సెంటీమీటర్ల పొడవుండాలి. చిన్న బ్రష్‌తో పని కాదని కాదు, రెట్టింపు సేపు రుద్దాలి. పదేళ్ల పిల్లలు సొంతంగా పాలిష్ చేసుకుంటారంటే వాళ్ల చేతికి 12, 13 సెంటీమీటర్లది ఇవ్వండి. చెక్కకు రెండు పక్కలా వేళ్లు ఆనేలా గాడి ఉంటే పట్టు జారదు. ప్లాస్టిక్ పిడి తేలిగ్గా ఉంటుంది. కానీ బరువైన చెక్క బ్రష్ తన బరువుతోనే పని చేస్తుంది, మీరు అదిమిపట్టనక్కర్లేదు. చెక్కలో పగులు ఉందేమో, వార్నిష్ చేతికి అంటుకుంటోందేమో చూడండి.

4. ఆన్‌లైన్‌లో కొంటుంటే

ఫొటోలో అన్నీ బాగానే కనిపిస్తాయి, కాబట్టి మాటలు చదవండి. 'గుర్రపు వెంట్రుకల్లాంటి', 'ప్రీమియం బ్రిసిల్', 'సాఫ్ట్ ఫైబర్' అని ఉంటే అది గుర్రపు వెంట్రుక అని వాళ్లు చెప్పలేదన్నమాట. వెంట్రుకల పొడవు, చెక్క కొలత రాశారా చూడండి. అమ్మేవాళ్ల ఫొటోలు వదిలేసి, కొన్నవాళ్లు పెట్టిన ఫొటోల్లో ఒత్తు గమనించండి. ఐదారు వస్తువులున్న పాలిష్ కిట్‌లకు దూరంగా ఉండండి. వాటిలో జిప్పు సంచికి పెట్టిన ఖర్చు బ్రష్‌కు పెట్టరు.

వెనక్కి ఇచ్చే గడువు ఎన్ని రోజులో చూసుకుని, ఆ లోపే కింది పరీక్ష పూర్తి చేయండి. పాలిష్ అంటించాక ఎవరూ వెనక్కి తీసుకోరు.

5. ఇంటికి తెచ్చాక కాల్చి చూడండి

జాగ్రత్త: పాలిష్ డబ్బా దగ్గర పెట్టుకుని ఈ పని చేయవద్దు. అందులో టర్పెంటైన్ జాతి ద్రవాలు ఉంటాయి, ఇట్టే అంటుకుంటాయి. పిల్లల చేతికి ఇవ్వవద్దు. కిటికీ తెరిచి, స్టీలు ప్లేటు మీద చేయండి.

ఒక వెంట్రుక లాగి పట్టుకారుతో పట్టుకుని అగ్గిపుల్ల మంటకు చూపించండి. జుట్టు కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే అది జంతువు వెంట్రుక. కరిగి, ముడుచుకుని, చివర గట్టి పూసలా మిగిలితే నైలాన్. ఆ పూస చల్లారేదాకా ముట్టుకోవద్దు, కరిగిన ప్లాస్టిక్ చర్మానికి అతుక్కుంటుంది.

ఒక్క వెంట్రుకతో ఆగిపోకండి. అంచు నుంచి రెండు, నడుమ నుంచి రెండు తీసుకోండి. 'అచ్చమైన గుర్రపు వెంట్రుక' అని రాసిన బ్రష్ ఒకటి నేను ఆన్‌లైన్‌లో తెప్పించాను. అంచు వరసల వెంట్రుక బూడిదైంది, మధ్య వరసలది పూస కట్టింది. చేత్తో తడిమితే బయటివే తగులుతాయి కదా, అందుకే అలా నాటారు.

గుర్రానిదా పందిదా అన్నది కాల్చితే తెలియదు, రెండూ ఒకే వాసన. ఒక వెంట్రుకను తెల్ల కాగితం మీద పెట్టి చివర చూడండి. సన్నగా ఒకే మొనగా ఉంటే గుర్రానిది. లావుగా ఉండి కొస పాయలుగా చీలితే పందిది.

6. మొదటిసారి వాడే ముందు

కొత్త బ్రష్‌ను తీసుకెళ్లి నేరుగా బూటు మీద పెట్టకండి. పాత దువ్వెనతో రెండు వైపులా దువ్వండి, చెక్క వెనక వైపు అరచేతితో తట్టండి, ఒక పాత ప్యాంటు గుడ్డ మీద రెండు నిమిషాలు రుద్దండి. ఊడే వెంట్రుకలు ఇక్కడే ఊడిపోతాయి. లేకపోతే పాలిష్ తడిలో అతుక్కుని విసిగిస్తాయి. చెక్క మీద మార్కర్‌తో 'నలుపు, మెరుపు' అని రాయండి. ఇంట్లో మీరొక్కరే ఉండరు.

7. ఒక జత పాలిష్ చేసి ఫలితం చూడండి

దుమ్ము పూర్తిగా దులపండి. దుమ్ము మీద పాలిష్ పూస్తే ఇసుక కాగితంతో రుద్దినట్టే. ఒక్కో బూటుకు శనగగింజంత పాలిష్ తీసుకుని పలుచగా పూయండి. 5 నుంచి 10 నిమిషాలు ఆగండి. వానాకాలంలో ఇంకాస్త ఆగాలి. పైన మబ్బు పట్టినట్టు మసకగా కనిపిస్తే ఆరినట్టు. అప్పుడు మెరుపు బ్రష్‌తో అదిమిపట్టకుండా, పొడవుగా, వేగంగా అటూ ఇటూ లాగండి. మోచేయి ఆడాలి, మణికట్టు కాదు. ఒక్కో బూటుకు రెండు నిమిషాలు చాలు.

ఇప్పుడు బ్రష్ పాసైందో లేదో తేల్చండి.

బూటును కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకోండి. కిటికీ చట్రం ఆకారం బూటు ముక్కు మీద కనిపించాలి. సన్నటి సమాంతర గీతలు కనిపిస్తే బ్రష్ గట్టిదని అర్థం. మచ్చలు మచ్చలుగా మెరిస్తే పాలిష్ ఎక్కువైంది, లేదా ఆరకముందే రుద్దారు. ఇది బ్రష్ తప్పు కాదు, ఇంకో రెండు నిమిషాలు రుద్ది చూడండి.

తర్వాత తెల్ల చేతిరుమాలుతో బూటు పక్క భాగం ఒత్తండి. నల్లగా అంటితే మిగులు పాలిష్ ఇంకా ఉంది. ఈ పరీక్ష పిల్లల బూట్లకు తప్పకుండా చేయండి. తెల్ల సాక్సుల మీద, యూనిఫాం అంచు మీద పడే నల్ల మరకలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

పరేడ్‌కు ఎన్‌సీసీ పిల్లలు తెచ్చే అద్దం మెరుపు మాత్రం బ్రష్‌తో రాదు. బూటు ముక్కు మీద పలుచని పొరలు ఒకదాని మీద ఒకటి, బట్టతో, మధ్యమధ్య ఒక నీటి చుక్క వేస్తూ గంటసేపు తిప్పితే వస్తుంది. బ్రష్ సరిగా లేదని బెంగపడకండి.

తరచూ చేసే పొరపాట్లు

అన్నిటికన్నా పెద్దది, మెరుపు బ్రష్‌ను డబ్బాలో ముంచడం. ఒక్కసారి చేసినా దాన్ని కడిగే వరకు అది పూత బ్రషే. ఇంట్లో పిల్లలకు అన్నిటికన్నా ముందు ఈ ఒక్కటి నేర్పండి.

తడి బూటు మీద బ్రష్ వేయడం రెండోది. వానలో తడిసి వచ్చిన బూట్లలో పాత న్యూస్‌పేపర్ కుక్కి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి.

మెరుపు కోసం కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు. అప్పటికి నిగనిగలాడుతుంది, సాయంత్రానికి ఊళ్లోని దుమ్మంతా దాని మీదే ఉంటుంది. ఆ జిడ్డు బ్రష్‌కు కూడా పడుతుంది. స్పాంజి మూత ఉన్న లిక్విడ్ పాలిష్ వాడిన బూటు మీద వెంటనే మెరుపు బ్రష్ వేసినా అంతే, వెంట్రుకలు అట్ట కట్టేస్తాయి.

బ్రష్‌ను వెంట్రుకల మీద నిలబెట్టి నెలల తరబడి వదిలేస్తే కుచ్చులు ఒకవైపు వాలిపోతాయి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెడితే తేమకు బూజు పడుతుంది, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో మరీను. పక్కకు పడుకోబెట్టి, గాలి తగిలే అరలో పెట్టండి. అది జంతువు వెంట్రుక కాబట్టి పురుగులు తింటాయి. అరలో రెండు కలరా ఉండలు వేయండి, చిన్నపిల్లలకు అందనంత ఎత్తులో.

కడగడం

రోజూ వాడే మెరుపు బ్రష్‌ను మూడు నాలుగు నెలలకోసారి కడిగితే చాలు. పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి అర చెంచా షాంపూ కలపండి. వెంట్రుకలు మాత్రమే మునగాలి. చెక్క నానితే ఉబ్బి, ఎండాక పగిలి, కుచ్చులు వదులవుతాయి. వేళ్లతో మర్దన చేసి, శుభ్రమైన నీళ్లలో రెండుసార్లు జాడించి, గట్టిగా విదిలించండి. ఆరబెట్టేటప్పుడు వెంట్రుకలు పైకి ఉండకూడదు, నీళ్లు రంధ్రాల్లోకి దిగుతాయి. తువ్వాలు మీద పక్కకు వాల్చి, ఫ్యాన్ గాలికి ఒకటిన్నర రోజు వదిలేయండి. ఎండలో వద్దు. కిరోసిన్ వద్దే వద్దు, వెంట్రుకల్లోని సహజమైన నునుపు పోయి చీపురు పుల్లల్లా తయారవుతాయి.

ఎప్పుడు మార్చాలి

కుచ్చులు ఊడి చెక్క కనబడుతున్నా, వెంట్రుకలు సగానికి అరిగినా, రెండుసార్లు కడిగినా గడ్డలు వదలకపోయినా మెరుపు పనికి అది చాలించింది. పారేయకండి. చెక్క మీద రాసిన 'మెరుపు' కొట్టేసి 'దుమ్ము' అని రాయండి, ఇంకో ఐదేళ్లు వస్తుంది.